అక్క కొలతలు

“కడుపు కాదు,” అంది డాక్టరు.

బల్ల మీద పడుకున్న మనిషి తల తిప్పలేదు. పొట్ట మీద పూసిన జిగురు చల్లగా పక్కకి జారుతోంది. తెర మీద బూడిదరంగు మబ్బు లాంటిదేదో కదులుతోంది. అందులో ఎక్కడో గుప్పెడంత ఒకటి ఉంటుందని, డాక్టరు వేలు పెట్టి చూపిస్తుందని వచ్చింది. వేలు లేవలేదు కాబట్టి ఇంకా వెతుకుతోందనుకుంది.

“సరిగ్గా చూడండి మేడమ్. అయిదో నెల.”

“చూశాను. లేచి కూర్చోండి.”

వీధిలో ఆమెని అందరూ కాజా అంటారు. యూనిఫాంలు కుట్టే దుకాణం వాళ్ళది. కొలతలు తీయడం, కత్తిరించడం అక్క పని. మిగిలిన దారాలు తుంచి మడతలు పెట్టడం అమ్మ పని. కాజాలు తీసి గుండీలు కుట్టడం ఈమె పని. చిన్నప్పట్నుంచీ అదే పని, అదే పేరు. కట్టుకున్నవాడు ఫ్రిజ్ మెకానిక్. వాడూ అదే పేరుతో పిలుస్తాడు.

నెలసరి ఆగిన ఈ అయిదు నెలలుగా ఆ ఇంట్లో ఆమెని కాలు కింద పెట్టనివ్వలేదు. అక్క మెషిన్ దగ్గర కుర్చీ మార్చి, దాని మీద దిండు వేసింది. రాత్రుళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, చెమటతో జాకెట్టు తడిస్తే “లోపలున్నవాడు కొలిమి పెట్టాడే” అని అమ్మ నవ్వింది. మందుల షాపులో కిట్టు కొని చూసుకుంటే రెండో గీత పడలేదు. పాత సరుకు అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకుందే తప్ప గీతని నమ్మలేదు. అయిదో నెల దాకా ఆసుపత్రి మాట ఎత్తితే దిష్టి అంది అమ్మ. పెళ్ళయిన ఆరేళ్ళకి తలుపు తట్టిన మాట. దాన్ని ఒక కాగితం ముక్క చెప్పిందని వదులుకుంటారా ఎవరైనా?

రక్తం తీసి, బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మెకానిక్ చేతికి అంటిన గ్రీజు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమంది? ముక్కు నాదేనంటా? నాదైతే ఇప్పుడే చెప్పెయ్, మానసికంగా సిద్ధమవుతా.”

“రక్తం చూసి చెప్తారంట.”

“రక్తంలో ముక్కెలా కనబడుద్ది?” అని పక్కన కూలబడ్డాడు. “మీ అక్క ఫోను చేసింది. సూదిని రేపు పొద్దున్నే నర్సింగ్ హోమ్‌లో చేర్చాలంట. నువ్వు తోడుండాలంట. నీకైతే అంతా తెలుసు కదా అంది.”

సూది అక్క కూతురు. పదహారేళ్ళది. సన్నగా ఉంటుంది, మాట గుచ్చుకుంటుంది. దానికీ నెలసరి కుదురుగా రాదు, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు. ఆ నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరమ్మ చూసి, నీటి బుడగలు, చిన్న ఆపరేషన్, ఒక్కరోజులో ఇంటికి అంది. అక్కకి చేసింది ఆమే. కాజాకి చేసింది ఆమే. రేపు సూదికి.

“ఆఁ, ఉంటాలే,” అంది కాజా.

మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. డాక్టరు చిన్నపిల్ల, అక్క కంటే చాలా చిన్నది. కాగితం చూసింది. ఇద్దర్నీ చూసింది.

“మీకు ముప్ఫై నిండాయా?”

“ఇంకా లేదు మేడమ్.”

“ముట్లుడిగిన ఆడవాళ్ళకి రక్తం ఎలా ఉంటుందో మీది అలా ఉంది. నెల తర్వాత ఇంకోసారి చూస్తాను, చూడాలి. కానీ స్కాన్ చూశాక నాకు పెద్ద అనుమానం లేదు. అండాశయాలు రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకటి పక్కన పేగుకి అతుక్కున్నట్టుంది.”

మెకానిక్ నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. “ముట్లుడగడం ఏంటండీ, మా అత్తగారికే నిన్నగాక మొన్న…”

డాక్టరు నవ్వలేదు. అతని నవ్వు ముఖం మీద దిక్కులేకుండా కాసేపు ఉండి, పోయింది.

“కడుపులో ఆపరేషన్ ఏదైనా జరిగిందా ఇదివరకు?”

“చిన్నదే మేడమ్. పెళ్ళికి ముందు. నీటి బుడగలున్నాయని క్లీన్ చేశారు.”

“క్లీన్ చేశామన్నారా?”

“అవును. పగలగొట్టి క్లీన్ చేశామన్నారు.”

డాక్టరు పెన్ను కింద పెట్టింది. “అవి నీటి బుడగలు కావమ్మా. సగంలో ఆగిపోయిన అండాలు. ఒక్కోటీ ఒక్కో చిన్న సంచిలో ఉంటుంది. పగలగొట్టి పారబోయడానికి మురికి కాదు. పిల్లలు కావాలనుకునే వాళ్ళకి, మాత్రలు వాడినా అండం విడుదల కాకపోతే, కాలే సూదితో అండాశయం మీద కొద్దిచోట్ల పొడుస్తారు. లెక్కగా చేస్తే మంచి వైద్యమే. కొందరికి ఆ తర్వాత ఏళ్ళ తరబడి నెలసరి కుదురుగా వస్తుంది. పిల్లలు పుడతారు.”

“మా అక్కకి పుట్టారు.”

“పుడతారు. కానీ ఎక్కువచోట్ల, ఎక్కువసేపు కాలిస్తే ఉన్న అండాలు కూడా కాలిపోతాయి. ఆడపిల్ల పుట్టుకతో తెచ్చుకున్నవే అవి, మళ్ళీ కొత్తవి తయారు కావు. ముందు మాత్రలు ఇచ్చి చూశారా మీకు?”

“లేదు. సరాసరి ఆపరేషనే.”

“పిల్లల సంగతి అప్పుడు మీరేమైనా అడిగారా?”

“నాకప్పుడు పెళ్ళే కాలేదు మేడమ్.”

డాక్టరు కిటికీ వైపు చూసింది. “ఎన్నిచోట్ల కాల్చారో ఇప్పుడు నేను చెప్పలేను. ఆపరేషన్ లేకుండా కూడా కొందరికి ఇలా తొందరగా ఆగిపోతుంది. కాబట్టి ఒట్టేసి చెప్పలేను. కానీ అండాలు కిక్కిరిసి ఉన్నాయని ఆపరేషన్ చేసిన మనిషికి, ఇన్నేళ్ళకే అడుగంటిపోయాయంటే…” అంతటితో ఆపింది. తర్వాత ఎముకల బలానికి మాత్రలన్నది, ఇంకొకరి అండంతో ప్రయత్నించే దారి ఉందన్నది. ఒళ్ళంతా ఆవిర్లు రావడం కూడా దీనివల్లే అంది.

కాజా చెవికి అవేవీ ఎక్కలేదు. ఒక్క మాట మాత్రం లోపల గోల పెడుతోంది. గట్టిగా. గట్టిగా.

ఆ మాట వాళ్ళ దుకాణంలో పాతబడిన మాట. వచ్చిన ప్రతి ఆడమనిషికీ అక్క వినిపించిన మాట. అక్కకి పెళ్ళయ్యాక పిల్లలు కలగలేదు. మాత్రలు మింగి మింగి విసుగెత్తి, చివరికి పెద్ద డాక్టరమ్మ దగ్గర ఆపరేషన్ చేయించుకుంది. ఏడాది తిరక్కుండా సూది పుట్టింది, తర్వాత ఒక కొడుకు. ఇక ఆ ఇంట్లో డాక్టరమ్మ హస్తవాసికి తిరుగు లేదు. చెల్లెలికి పద్దెనిమిది దాటేసరికి అవే లక్షణాలు కనబడ్డాయి. అక్క ఆలోచించలేదు. ఎందుకు ఆలోచిస్తుంది? ఆ ఇంట్లో అక్కకి పొట్టిబడిన బట్టలే చెల్లికి, అక్క చెప్పులే చెల్లికి. కొత్త చొక్కా కుట్టాలన్నా టేపు తీసేవాళ్ళు కాదు. అక్క పాత చొక్కా ఆదిగా పెట్టి, గుడ్డ మీద పరిచి, దాని చుట్టూ సుద్దతో గీసేవాళ్ళు. ఒంటి మీద వేసుకున్నాక చూసుకోవచ్చులే అని. పెళ్ళయ్యాక ఏడవడం ఎందుకు, ముందే చేయించేద్దాం అని అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ రోజు మధ్యలో డాక్టరమ్మ థియేటర్ బయటికి వచ్చిందట. మీ చెల్లికి నీకంటే చాలా ఎక్కువున్నాయి అందట. అక్క చేతులు జోడించి “అయితే గట్టిగానే చెయ్యండి మేడమ్, మళ్ళీ మళ్ళీ రాకుండా” అందట. అయ్యాక డాక్టరమ్మ నవ్వుతూ “బాగా కాల్చేశాను, ఇక జన్మలో రావు” అందట. అక్క ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూనే ఉంది. డాక్టరమ్మ గొంతుతో చెబుతుంది, చేతులు జోడించి చూపిస్తుంది. కాజా పక్కనే గుండీలు కుడుతూ నవ్వేది. తనకేదో ప్రత్యేకంగా జరిగిందని కాస్త గర్వం కూడా.

కడుపులో నిప్పు పెట్టిన సంగతి పట్టపగలు, బజారులో, నవ్వుతూ చెప్పుకున్నారు. విన్నవాళ్ళంతా తలలూపారు.

తిరిగి వస్తుంటే మెకానిక్ బండి రెండుసార్లు ఆపాడు. మొదటిసారి నీళ్ళు తాగించాడు. రెండోసారి ఊరికే ఆపాడు.

“నాకేం ఫర్వాలేదు,” అన్నాడు ముందుకి చూస్తూ.

“నాకుంది.”

“సరే.” బండి మళ్ళీ తీస్తూ “సూది సంగతో?” అన్నాడు.

“అందుకే తొందరగా పోనీ.”

దుకాణంలో అక్క కట్టింగ్ బల్ల మీద నర్సుల యూనిఫాం గుడ్డ పరిచి గీస్తోంది. పాలబూత్ ఆవిడ కొలతలకి వచ్చి అద్దం ముందు నిలబడి ఉంది. ఆవిడ కూతురిదీ సూది వయసే, సూది బాధే.

“రేపు మాదాన్ని తీసుకెళ్తున్నాం. మీదాన్ని కూడా పట్టుకొచ్చెయ్ వదినా, ఇద్దరికీ ఒకేసారి అయిపోద్ది,” అంటోంది అక్క. “అదిగో, మా చెల్లి. మాటలో మాట, దీనికి డాక్టరమ్మ ఎంత గట్టిగా చేసిందో తెలుసా? ఇప్పుడు చూడు, అయిదో నెల.”

పాలబూత్ ఆవిడ కాజా పొట్ట వైపు చూసి “సంతోషం” అంది. “ఉదయం టిఫిన్ పెట్టకుండా తీసుకురావాలా?”

“మంచినీళ్ళు కూడా పొయ్యకు.”

కాజా గుమ్మంలో నిలబడిపోయింది. నోరు తెరిస్తే పరాయి మనిషి ముందు ఏం వస్తుందో తెలీక మూసుకుంది. ఆవిడ వెళ్ళిపోయింది. అలా వెళ్ళనిచ్చినందుకు మర్నాడు ఆవిణ్ణి ఆపరేషన్ గుమ్మం దగ్గర ఆపాల్సి వచ్చింది.

“ఏంటే, ముఖం అలా పెట్టావు? కవలలా?” అంది అక్క.

“కడుపు కాదక్కా.”

అమ్మ చేతిలో దారం తెగింది. 

“కాదంటే? నిలవలేదా?” అంది అక్క.

“ఎప్పుడూ లేదు. ఉండదు. అండాలన్నీ అయిపోయాయంట. అమ్మకి ఆగినట్టు నాకూ ఆగిపోయింది.” కాజా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “ఆ ఆపరేషన్లో కాలిపోయాయి. గట్టిగా చేసింది కదా.”

అక్క సుద్ద పట్టుకునే ఉంది. గుడ్డ మీద గీత గీస్తూనే ఉంది. గీత అంచు దాటి బల్ల మీదకి పోయింది.

“ఎవత్తె చెప్పింది?”

“స్కాన్ చేసిన డాక్టరు.”

“నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, దానికేం తెలుసు? అదే చెయ్యి, అదే సూది, అదే బల్ల. నాకు ఇద్దరు పుట్టలా? నాకు పనిచేసింది నీకెలా చెరుపు చేస్తుంది?”

“నీకు మాత్రలు పనిచెయ్యక చేశారు. కొద్దిగా చేశారు. నాకు మాత్రే ఇవ్వలేదు. నీ కొలతలు పెట్టి నన్ను కోశారక్కా.”

“నోరు ముయ్యి.”

“రేపు సూదిని తీసుకెళ్ళొద్దు.”

అప్పుడు అక్క నోట్లోంచి ఆ మాట వచ్చింది. అది అన్నాక అక్కే తన నోటిని చేత్తో మూసుకుంది. కానీ వచ్చేసింది. “నీకు లేదని నా కూతురికి అడ్డు పడతావా?”

మెకానిక్ గుమ్మం దగ్గర నుంచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ లేచి, ఏం చెయ్యాలో తెలీక, మడతపెట్టిన యూనిఫాంలు విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టింది. పెద్దకూతురి వైపు చూడలేదు, చిన్నకూతురి వైపూ చూడలేదు. “నేనే కదే ఆ రోజు బీరువా తాళంచెవి ఇచ్చి, డబ్బు తీసుకుని వెళ్ళిరండి, ఇంట్లో నేనుంటా అన్నది,” అని బట్టలతో అంది.

లోపలి గది కర్ర తలుపు తోసుకుని సూది వచ్చింది. రేపటి కోసం చిన్న సంచిలో తువ్వాలు సర్దుకుంటూ అంతా వింది.

“పిన్నీ, నువ్వు ఊఁ అన్నావా అప్పుడు?”

“దేనికి?”

“ఆపరేషన్‌కి. నిన్నడిగారా?”

కాజా ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, తనూ వేసుకోలేదు. “తోలుకెళ్ళారు. వెళ్ళాను. మధ్యలో అడగడానికి మత్తులో ఉన్నాను కదా. బయట అక్కని అడిగారు.”

“మరి నన్ను?” సూది తల్లి వైపు తిరిగింది. “నా పొట్ట గురించి నువ్వూ ఆవిడా కూర్చుని మాట్లాడుకుంటే నేను పక్కన ఫోను చూసుకుంటున్నా. బాగా కాల్చేశానందని నువ్వు చెప్పే కథ విన్నా కానీ, నాకు చేసేదీ అదేనని ఇప్పుడే తెలిసింది. క్లీన్ అంటే ముఖం కడిగినట్టు అనుకున్నా.”

“నీ మంచికే కదే…” అక్క సుద్ద బల్ల మీద పెట్టింది. బల్ల పక్కన కింద కూర్చుండిపోయింది. చెల్లెలి వైపు చూడకుండా అడిగింది. “నిజంగా ఒక్కటీ లేదా?”

“లేదక్కా.”

“గట్టిగా అన్నది నేనే.”

“నువ్వే.”

కాదులే అక్కా, నీ తప్పు కాదులే అని ఓదార్చుతుందని అమ్మ ఎదురుచూసింది. కాజా అనలేదు. అనడానికి ఆ రోజు ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. వెళ్ళి అక్క పక్కన నేలమీద కూర్చుంది, అంతే.

“రేపు వెళ్దాం,” అంది సూది. “ఆపరేషన్‌కి కాదు. ఏం చేసిందో ఆవిడ నోటితో చెప్పాలి.”

పొద్దున నర్సింగ్ హోమ్ మెట్ల మీద ఫినాయిల్ వాసన. పెద్ద డాక్టరమ్మ తెల్లటి జుట్టుతో, ఎప్పట్లాగే నవ్వుముఖంతో ఉంది. అక్కని గుర్తుపట్టింది. “ఓ, మన యూనిఫాంలావిడ. అమ్మాయి ఏం తినలేదు కదా?”

“ఇది నా చెల్లెలు మేడమ్,” అంది అక్క. “దీనికి మీరే చేశారు.”

డాక్టరమ్మ కాజా ముఖంలోకి చూసింది. చూసింది. గుర్తు రాలేదు.

“నాకే మేడమ్,” అంది కాజా. “మీరు బయటికి వచ్చి చెప్పారంట. నాకు చాలా ఉన్నాయని. బాగా కాల్చేశామని.”

“ఎన్నేళ్ళయిందమ్మా? ఎంతమందికి చేస్తాం. ఏంటి సమస్య?”

చెప్పారు. అక్క చెప్పలేకపోతే సూది చెప్పింది. డాక్టరమ్మ ఓపిగ్గానే వింది. తిట్టలేదు, కంగారు పడలేదు. 

“దీనివల్లేనని ఎలా చెప్తాం? చాలా కారణాలుంటాయి. అయినా ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్ళం. మీ ఇంటివాళ్ళు అడిగే కదా చేయించుకున్నారు.”

“గట్టిగా చెయ్యమన్నది నేనే మేడమ్,” అంది అక్క. ఆమె ఏదో ఆశతో అంది. కాదమ్మా, నువ్వన్నంత మాత్రాన చెయ్యను కదా అని డాక్టరమ్మ అంటుందేమోనని.

“అదే మరి,” అంది డాక్టరమ్మ.

గంట నొక్కింది. “తర్వాతి పేషెంట్‌ని పంపు.”

అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది.  హస్తవాసి అన్న మాట ఎంతమంది చెవుల్లో పోసిందో ఆమెకే లెక్క తెలీదు. టేపు నడుముకి చుట్టినప్పుడల్లా పోసింది. 

బయట బెంచీ నిండా ఆడపిల్లలు, పక్కన తల్లులు. ఆ చివర పాలబూత్ ఆవిడ. కూతురికి అప్పటికే ఆకుపచ్చ గౌను తొడిగారు. నర్సు పేరు పిలుస్తోంది. ఆవిడ లేస్తోంది.

“ఆగు వదినా,” అంది అక్క.

“వచ్చారా? మీది అయిపోయిందేమో అనుకున్నా.”

“మాదానికి చేయించట్లేదు. నువ్వూ వద్దు.”

“అదేంటి, నిన్న నువ్వే కదా…”

“నిన్న నేనే.” అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, తీసేసింది. చెల్లెలి భుజం పట్టి ముందుకి లాగింది, దుకాణంలో కొత్త బట్ట చూపించినట్టు. “దీన్ని చూడు. అయిదో నెల అన్నాను కదా. కాదు. ఇంక రాదు. దీనికి ముట్లుడిగిపోయాయి, ముప్ఫై రాకుండానే. గట్టిగా కాల్చమని నేనే చెప్పా, ఆవిడ కాల్చింది. అది చెప్పుకుని ఇన్నేళ్ళు నవ్వాను. నిన్న నీకు కూడా నవ్వుతూనే చెప్పాను.”

బెంచీ మీది తల్లులు ఇటు తిరిగారు. నర్సు వచ్చి ఇక్కడ అరవకూడదంది. అక్క అరవడం లేదు. కానీ బెంచీ చివరిదాకా వినబడింది.

“మరి డాక్టరు అవసరమంది కదా,” అంది పాలబూత్ ఆవిడ నెమ్మదిగా.

“అవసరమే కావొచ్చు,” అంది కాజా. “కొందరికి మంచే చేస్తుంది, మా అక్కకి చేసింది. మీ అమ్మాయికి మాత్రలు ఇచ్చి చూశారా? ఇంకో డాక్టరుకి చూపించారా? ఎన్నిచోట్ల కాలుస్తారు, కాలిస్తే ఏమేం పోతాయి, చెప్పారా? చెప్పకపోతే ఇవాళ వద్దు. ఒక్కరోజు ఆగితే ఏం మునిగిపోదు. ఇవాళ చేయించేస్తే మాత్రం రేపు వెనక్కి తీసుకోలేరు.”

సూది ఆ గౌను పిల్ల పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే ఈడు. 

“నిన్ను అడిగారా?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. తర్వాత చిన్నగా అంది. “అడిగితే ఏం చెప్పాలి?”

సూది ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

నర్సు మళ్ళీ పేరు పిలిచింది. పాలబూత్ ఆవిడ నర్సు వైపు చూసింది, కాజా పొట్ట వైపు చూసింది. నిన్న సంతోషం అన్న మనిషి. చూపు దించుకుని, కూతుర్ని వెనక్కి తిప్పి, గౌను ముడి విప్పబోయింది. లాగిన కొద్దీ ముడి బిగుసుకుపోయింది. నర్సు “ఏం చేస్తున్నారమ్మా” అంటోంది.

కాజా వంగి, గోరు పెట్టి, ముడి విప్పింది.